బీరు ఇష్టమైతే సరే, జీతం దేనికిస్తారు?

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

నాకిచ్చిన అంశం, క్రాఫ్ట్ బీర్, అంటే చిన్న చిన్న బ్రూవరీల్లో తమ సొంత తీరులో కాచే బీరు, దాని మీద ఉన్న ఇష్టాన్ని బతుకుదెరువుగా మార్చుకోవడం ఎలా అని. ఈ మాట వినగానే చాలామంది కళ్ళముందు ఒకటే బొమ్మ కదులుతుంది. తళతళలాడే పెద్ద పాత్ర, పక్కన గడ్డం పెంచిన మనిషి, గ్లాసుని వెలుగులోకి ఎత్తి పట్టుకుని తదేకంగా చూస్తుంటాడు. ఆ ఫొటో తీయడానికి రెండు నిమిషాలు పడుతుంది. మిగతా షిఫ్టంతా ఆ మనిషి నేలమీద చతికిలబడి పైపులు విప్పుతుంటాడు. (నవ్వులు) గడ్డం ఉండి తీరాలనేం లేదు, అది కూడా ముందే చెప్పేస్తున్నాను.

అసలు విషయానికొస్తాను. బీరంటే మీకు ప్రాణమని ఎవరూ జీతమివ్వరు. మీ నాలుక గొప్పదనీ ఇవ్వరు. ఒకసారి అద్భుతమైన బ్యాచ్ చేశారనీ ఇవ్వరు. పోయిన నెల చేసిందే ఈ నెలా అలాగే వచ్చి, వచ్చే నెలా అలాగే వస్తుందని నమ్మకం కుదిరితే, అప్పుడు ఇస్తారు. స్నానాల గదిలో ఒక పూట గొంతు అద్భుతంగా పలకొచ్చు, కానీ కచేరీకి టికెట్ కొన్నవాడికి ఆ పూటతో పనిలేదు కదా. బీరుకి డబ్బు పెట్టేవాడి సంగతీ అంతే. వాడు కొనేది మీ నిలకడని.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. క్రాఫ్ట్ బీర్ పుట్టిన తీరులోనే ఉంది. జాక్ మెకాలిఫ్ అని ఒకాయన అమెరికా నౌకాదళంలో పనిచేస్తూ స్కాట్లండ్‌లో ఉన్నప్పుడు అక్కడి ఏల్స్ అనే రకం బీర్ల రుచి మరిగాడు. ఇంటికొచ్చాక అలాంటివి దొరకలేదు. దొరక్కపోతే నేనే చేస్తానని 1976లో కాలిఫోర్నియాలోని సోనోమాలో న్యూ ఆల్బియన్ అనే బుల్లి బ్రూవరీ పెట్టాడు. కొత్త సామాను కొనే స్తోమత లేదు. పాత డ్రమ్ములు తెచ్చుకుని చేతులతో అతుకులు వేసుకున్నాడు. బీరు బావుందని మెచ్చుకున్నవాళ్ళున్నారు, పత్రికలు రాశాయి. 1982లో మూతపడింది. ఒక్కో విడతకి తయారయ్యేది మరీ కొంచెం, ఎంత అమ్మినా ఖర్చుకి చాలదు. పెద్దది చేద్దామంటే అప్పు పుట్టలేదు. ఇష్టానికి లోటు లేదు, చేతిపనికి లోటు లేదు. లెక్క కుదరలేదు, అంతే.

అదే రాష్ట్రంలో, చీకో అనే ఊళ్ళో, కెన్ గ్రాస్‌మన్ ఉన్నాడు. ఇంట్లో బీరు చేసుకునేవాళ్ళకి సామాన్లమ్మే కొట్టు నడిపేవాడు. సోనోమా వెళ్ళి మెకాలిఫ్ బ్రూవరీని చూసొచ్చాడు కూడా. డెయిరీల నుంచి పాత సామాను పోగేసి సియెరా నెవాడా మొదలుపెట్టి 1980లో బీరు కాచాడు. ఆ కంపెనీకి పేరు తెచ్చిన పేల్ ఏల్ ఉంది చూడండి, దాన్ని తొలి విడతలోనే అమ్మకానికి పెట్టలేదు. నిలకడ కుదిరేదాకా బ్యాచ్ వెనక బ్యాచ్ పారబోశాడు. చేతిలో డబ్బాడని రోజుల్లో పారబోయడం! నన్నడిగితే ఆ కంపెనీ అసలు పునాది ఆ మోరీలోనే పడింది.

ఫ్రిట్జ్ మేటాగ్ కథా ఇంచుమించు ఇలాంటిదే. 1965లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మూతబడే స్థితిలో ఉన్న యాంకర్ బ్రూవరీలో సగానికి పైగా వాటా కొన్నాడు. అప్పట్లో ఆ బీరుకి పుల్లగా తిరిగిపోతుందని చెడ్డపేరు. ఆయన కొత్త రుచుల జోలికి పోలేదు. మైక్రోస్కోపు తెచ్చాడు, శుభ్రత మీద పడ్డాడు, తర్వాతే మిగతావి. ఆయన అమ్మేసి వెళ్ళిపోయిన చాలా ఏళ్ళకి, 2023లో, ఆ బ్రూవరీ కూడా మూతపడింది. కొత్త యజమానులు మళ్ళీ తెరుస్తామని కొనుక్కున్నారనుకోండి. పాత పేరున్న కంపెనీలకే ఇలా ఉందన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు నిలకడ అంటే చేతిపనిలో ఎలా ఉంటుందో ఒకటి దగ్గరగా చూపిస్తాను.

ఏల్ ఒకటి పులుస్తోందనుకోండి. 20 డిగ్రీల దగ్గర ఉంది. ద్రవం ఎంత చిక్కగా ఉందో చెప్పే హైడ్రోమీటరు మొదట 1.050 చూపించింది, ఇప్పుడు 1.010కి దిగి రెండు రోజులుగా అక్కడే నిలబడింది. మొదటి అంకెలోంచి రెండోది తీసేసి 131తో హెచ్చవేస్తే ఆల్కహాలు శాతం సుమారుగా వస్తుంది, ఇక్కడ 5.2 చిల్లర. రుచి చూశారు, బావుంది. ఇంకేం, చల్లబరిచి కెగ్గుల్లో, అంటే బార్లకి పంపే లోహపు పీపాల్లో, నింపేద్దామనిపిస్తుంది. ఇష్టంతో చేసేవాడు ఇక్కడ నింపేస్తాడు.

జీతానికి చేసేవాడు మూతలున్న రెండు గాజు జాడీల్లో కొంచెం కొంచెం బీరు పడతాడు. ఒకటి బల్లమీద ఉంచుతాడు. రెండోది 60 డిగ్రీలు దాటిన వేడినీళ్ళలో ఓ 20 నిమిషాలు ఉంచుతాడు. తర్వాత రెండింటినీ ఒకే వేడికి తెచ్చి, మూతతీసి వాసన చూస్తాడు. బల్లమీది జాడీలో ఏమీ లేదు. కాచిన జాడీలోంచి గుప్పున వెన్న వాసన కొట్టిందా, పని అయిపోలేదన్నమాట. బీరుని పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్ట్, ఆ పని చేస్తూ ఒక పదార్థాన్ని బయటికి వదులుతుంది. అప్పటికి దానికి వాసన లేదు. కాలం గడిచేకొద్దీ అది డయాసిటైల్‌గా మారి వెన్న వాసన కొడుతుంది. వేడి ఆ మార్పుని వారాల నుంచి నిమిషాలకి తెస్తుంది. నాలుక చెప్పేది ఇవాళ్టి సంగతి, కాచిన జాడీ చెప్పేది మూడు వారాల తర్వాత కొన్నవాడి గ్లాసులో సంగతి. ఏం చెయ్యాలి? ట్యాంకుని చల్లబరచకుండా ఇంకో రెండు రోజులు వెచ్చగానే వదలాలి. ఈస్ట్ తను వదిలింది తనే మళ్ళీ లోపలికి తీసుకుంటుంది. మళ్ళీ రెండు జాడీలు, మళ్ళీ వాసన.

చెప్పడానికి సులువే. కానీ ఆ రోజు అమ్మకాల మనిషి తలుపు దగ్గర నిలబడి "ట్యాంకు ఖాళీ అవుతుందన్నారు, బార్లకి మాటిచ్చేశాను" అంటుంటాడు. యజమాని ఫోన్ చేస్తాడు. వెనక క్యూలో ఇంకో బ్యాచ్ ఉంది. అప్పుడు జాడీ చూపించి "ఇవాళ కాదండీ" అనగలగాలి. ఆ మాట అనగలిగేవాడి కోసమే బ్రూవరీలు వెతుక్కుంటాయి. రెసిపీలు రాయగలిగేవాళ్ళు బోలెడంత మంది.

ఇక మిగతా రోజంతా ఏముంటుందంటారా? కడుగుడు. మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, 25 కిలోల సంచుల్లో వస్తుంది, ఎత్తి మరలో పోయాలి. 65 డిగ్రీల చుట్టుపక్కల నీళ్ళలో ఓ గంట నాననిచ్చి, తీపి ద్రవాన్ని వడకట్టుకుని, చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వులు వేసి మరిగిస్తారు. అది మరుగుతుండగా, నీళ్ళు పీల్చి బరువెక్కిన పిప్పిని మీరు పారతో గోకి బయటికి లాగుతుంటారు. ఆవిరిలో. తర్వాత కాస్టిక్ సోడా, తర్వాత నీళ్ళు, తర్వాత యాసిడ్, మళ్ళీ నీళ్ళు, చివర్లో క్రిములు చంపే ద్రావణం. ఈ వరసలో ఒక మెట్టు ఎగ్గొడితే బీరు ఆ రోజే చెప్పదు, పది రోజులాగి చెబుతుంది. నిండిన 50 లీటర్ల కెగ్గు 60 కిలోలు దాటుతుంది. కాస్టిక్ చుక్క కంట్లో పడితే కన్ను పోతుంది. ఖాళీ చేసిన ట్యాంకులో బీరు లేకపోయినా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, గాలికంటే బరువు కాబట్టి అడుగునే పేరుకుంటుంది. లోపల ఏదో పడిందని తల దూర్చి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఈ రంగంలో ఉన్నారు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు. ఉద్యోగ ప్రకటనల్లో ఈ ముక్క రాయరు, అందుకని చెబుతున్నాను.

దీనంతటి తర్వాత కూడా మీ మొహంలో నవ్వుంటే, బ్రూవరీ పని మీకు సరిపడుతుంది. లేదంటే దిగులు పడక్కర్లేదు. బీరు చుట్టూ ఉన్న పనుల్లో బీరు కాయడం ఒక చిన్న ముక్క మాత్రమే. నాకు నిజంగా మాట్లాడాలని ఉన్నది ఈ మిగతా వాటి గురించే.

ప్రయోగశాలతో మొదలుపెడతాను, ఎందుకంటే బీరు దగ్గర జీతం తీసుకుంటూ ప్రపంచానికే పనికొచ్చే పని చేసినవాళ్ళు అక్కడున్నారు. విలియం గాసెట్ అని ఒక కుర్రాడు, ఆక్స్‌ఫర్డ్‌లో రసాయన శాస్త్రం చదివి 1899లో గిన్నెస్ బ్రూవరీలో చేరాడు. అతని సమస్య చాలా మామూలుది. బార్లీ బావుందో లేదో, హాప్స్ బావున్నాయో లేదో కొన్ని నమూనాలు చూసి చెప్పాలి. నమూనాలు నాలుగో అయిదో ఉంటే లెక్కని ఎంతవరకు నమ్మొచ్చు? దానికి జవాబు వెతుకుతూ కనిపెట్టిన పద్ధతే ఇవాళ కాలేజీలో లెక్కలవాళ్ళంతా చదివే టీ-టెస్ట్. 1908లో అచ్చయింది. కంపెనీ తమ ఉద్యోగుల్ని సొంత పేర్లతో ప్రచురించనిచ్చేది కాదు కాబట్టి "స్టూడెంట్" అనే మారుపేరు పెట్టుకున్నాడు. కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ బ్రూవరీ ప్రయోగశాలలో 1883లో ఎమిల్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ని పెంచి చూపించాడు. అదే చోట 1909లో సోరెన్‌సెన్ ద్రవంలో ఆమ్లం ఎంతుందో చెప్పే పీహెచ్ కొలమానం తెచ్చాడు. వీళ్ళంతా బీరుకి జీవితం అంకితం చేస్తామని ప్రమాణాలు చేసినవాళ్ళు కాదు. బీరు ఎందుకు ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తోందని అడిగినవాళ్ళు. మీలో మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళుంటే మీ డిగ్రీని పక్కన పడేసి పార పట్టుకోనక్కర్లేదు. ఈస్ట్ పెంచి అమ్మే కంపెనీలున్నాయి, మాల్టు కంపెనీలున్నాయి, హాప్స్ వ్యాపారులున్నారు. అన్నిచోట్లా ల్యాబులుంటాయి.

రెండోది నాలుక పని. రుచి చూడటం ఉద్యోగమా అని నవ్వుతారు గానీ, కాస్త పెద్ద బ్రూవరీలన్నింట్లో రుచిచూసే బృందాలుంటాయి. వాళ్ళ పరీక్ష ఒకటి ఇంట్లో చేసి చూడండి. మూడు గ్లాసులు. రెండింటిలో ఒకే బీరు, ఒకదాంట్లో వేరేది. ఏది వేరో చెప్పాలి. కళ్ళు మూసుకుని వేలు పెట్టినా మూడింట ఒకసారి సరిగ్గా తగులుతుంది, కాబట్టి ఒకసారి చెప్పగలగడం లెక్కలోకి రాదు. పదే పదే చెప్పగలగాలి. చూశారా, మళ్ళీ అక్కడికే వచ్చాం.

నాలుకకి సాధన ఎలా అంటే, మంచి బీరు తాగడం వల్ల రాదు. చెడిపోయిన బీరుని కావాలని చేసుకోవాలి. ఒకే రకం సీసాలు మూడు కొనండి, పచ్చ సీసా గానీ తెల్ల సీసా గానీ అయితే మరీ మంచిది. ఒకటి ఫ్రిజ్‌లో పెట్టండి. ఒకటి ఎండలో పెట్టండి, ఎక్కువసేపు కూడా అక్కర్లేదు. హాప్స్ చేదుకి వెలుతురు తగిలితే గంధకపు కంపు పుడుతుంది, దాన్ని ఇంగ్లిషువాళ్ళు స్కంక్ అనే జంతువుతో పోలుస్తారు. మూడోదాన్ని వెచ్చటి చోట, చీకట్లో, ఓ రెండు నెలలు మరిచిపోండి. అది తడిసిన అట్టపెట్టె వాసనకొస్తుంది. మూడూ పక్కపక్కన పెట్టుకుని వాసన చూడండి. ఇంకో జన్మలో కూడా మర్చిపోరు. ఎవరైనా బార్‌లో గ్లాసు చేతికివ్వగానే "ఇది బ్రూవరీ తప్పు కాదు, ఎక్కడో ఎండలో ఉంచారు" అని చెప్పగలిగితే, మీ దగ్గర అమ్ముకోదగ్గ విద్య ఒకటి ఉన్నట్టే. ఉడికిన మొక్కజొన్న వాసన, పచ్చి యాపిల్ వాసన, ఇలా ఒక్కోదానికీ ఒక్కో కారణం ఉంటుంది. వాసన పట్టడం సగం పని, కారణం చెప్పడం రెండో సగం. డబ్బిచ్చేది రెండో సగానికి.

దీనికి సర్టిఫికెట్లున్నాయా అని అడుగుతారు. ఉన్నాయి. రే డేనియల్స్ అనే ఆయన 2007లో సిసరోన్ అని ఒక కార్యక్రమం పెట్టాడు. వైన్ ఎంచి వడ్డించే నిపుణుణ్ణి సొమెలియర్ అంటారు, బీరుకి అలాంటివాడే సిసరోన్. నాలుగు మెట్లు. మొదటిది ఆన్‌లైన్‌లో 60 ప్రశ్నలు, 75 శాతం వస్తే గట్టెక్కినట్టు. కష్టపడి చదివితే ఎవరైనా రాయొచ్చు. రెండోదే అసలైన గడప. రాత పరీక్షతోపాటు రుచి పరీక్ష కూడా ఉంటుంది, 80 శాతం రావాలి. బీరు కాసేవైపు వెళ్ళాలనుకుంటే లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూయింగ్ అండ్ డిస్టిల్లింగ్ పరీక్షలు వేరే ఉన్నాయి, ఉద్యోగం చేసుకుంటూ రాయొచ్చు. పూర్తికాలం చదవగలిగితే బెర్లిన్‌లో వీఎల్‌బీ, మ్యూనిక్ దగ్గర వైహెన్‌స్టెఫాన్, ఎడిన్‌బరాలో హెరియట్-వాట్ ఉన్నాయి. నా అభిప్రాయం మాత్రం, పని దొరక్కముందే అప్పుచేసి పెద్ద కోర్సుల్లో చేరొద్దు. ఒక ఏడాది ఏదో ఒక బ్రూవరీలో నేల కడిగాక కూడా చదవాలనిపిస్తే, అప్పుడు చేరండి.

పోటీల్లో న్యాయనిర్ణేతగా ఉండాలంటే బీరు జడ్జీలకి పరీక్షలు పెట్టే బీజేసీపీ అనే సంస్థ ఉంది, 1985 నుంచి నడుస్తోంది. వాళ్ళ మార్కుల కాగితం నాకు చాలా ఇష్టం. మొత్తం 50. వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో ఆనే తీరుకి 5, మొత్తం మీద అనిపించినదానికి 10. చూపుకి మూడే మూడు, గమనించారా? మన ఫొటోలన్నీ ఆ మూడు మార్కుల గురించే. (నవ్వులు) అయితే ఒక సంగతి. ఆ జడ్జీలకి జీతం ఉండదు. సొంత ఖర్చులతో వెళ్ళి, రోజంతా కూర్చుని, ప్రతి బీరుకీ కాగితం నిండా రాసిస్తారు. దాన్ని ఆదాయంగా లెక్కేసుకోకండి. కానీ ఇతరుల బీరు గురించి నొప్పించకుండా, పనికొచ్చేలా నాలుగు వాక్యాలు రాయడం అక్కడ అబ్బినంత బాగా ఇంకెక్కడా అబ్బదు.

మూడోది ఎవరూ పట్టించుకోని పని. నేనైతే కొత్తవాళ్ళకి దీన్నే ముందు చెబుతాను. కెగ్గు నుంచి గ్లాసు దాకా ఉండే గొట్టాలు చూసేవాళ్ళు. అమెరికాలో బ్రూవర్స్ అసోసియేషన్ వాళ్ళ సిఫార్సు ప్రకారం ఆ గొట్టాల్ని 14 రోజులకోసారి కాస్టిక్‌తో కడగాలి, మూడు నెలలకోసారి యాసిడ్ పెట్టి రాయిలా పేరుకున్నదాన్ని వదిలించాలి. ఎంతమంది చేస్తారు? బ్రూవరీలో నెలరోజులు పడిన కష్టం చివరి మూడు మీటర్ల గొట్టంలో పాడైపోతుంది. దానికి కస్టమరు బ్రూవరీని తిడతాడు. అందుకే ఈ పని తెలిసినవాడికి బ్రూవరీ, బారు, పంపిణీదారు ముగ్గురూ డబ్బిస్తారు. నురుగు ఎక్కువ వస్తోందంటే ఒత్తిడా, వేడా, గొట్టం పొడవా అని పది నిమిషాల్లో తేల్చేవాడు ఎక్కడున్నా ఖాళీగా ఉండడు. పెట్టుబడి? స్పానర్లు, ఒక పంపు, థర్మామీటరు, చేతి తొడుగులు.

నాలుగోది అమ్మకాలు. దీని గురించి పొడిపొడిగా చెప్పేసి పోతాను. ఇక్కడ ఉద్యోగాలు దొరకడం కొంచెం తేలిక. బీరు ప్రేమికులు దీన్ని చిన్నచూపు చూస్తారు, అందుకే మీకు చోటుంటుంది. హాప్స్ వాసన ఎక్కువున్న బీరు కొన్ని నెలల్లోనే నీరసపడిపోతుందని తెలిసి, కొట్టులో వెనకపడిపోయిన పాత సరుకుని తీయించగలిగే అమ్మకపు మనిషి బంగారం.

ఇప్పుడు అందరి మనసులో ఉన్నది. సొంత బ్రూవరీ. వద్దని అనను. అయితే ముందు ఈ సంగతి వినండి. 2024లో అమెరికాలో కొత్తగా తెరిచిన క్రాఫ్ట్ బ్రూవరీల కంటే మూతపడినవి ఎక్కువ. ఏటికేడు పెరుగుతూనే ఉంటుందనుకున్న రంగం అది. బీరు తయారవడానికి వారాలు పడుతుంది, లైసెన్సు రావడానికి నెలలు పడుతుంది, అద్దె మాత్రం మొదటి రోజునుంచే నడుస్తుంది. దాదాపు ప్రతి దేశంలోనూ బీరు మీద ఎక్సైజు పన్ను ఉంటుంది. అది మీ లాభం మీద కాదు, మీరు తయారుచేసినదాని మీద పడుతుంది. నష్టం వచ్చినా కట్టాలి. కాబట్టి సొంతంగా పెట్టాలనుకునేవాళ్ళు ముందు ఇంకొకరి డబ్బుతో నడిచే చోట రెండు మూడేళ్ళు ఉండండి. అక్కడ పైపుల సంగతి ఎలాగూ నేర్చుకుంటారు. బిల్లుల ఫైలు కూడా చూడనిస్తారా అని అడగండి.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఇంట్లో బీరు చేసుకోవడం అన్నిచోట్లా చెల్లదు. బ్రిటన్‌లో 1963 దాకా దానికి లైసెన్సు కావాల్సి వచ్చేది. అమెరికాలో 1978లో చట్టం మార్చారు, 1979 ఫిబ్రవరి నుంచి అమల్లోకొచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరో అంతకన్నా ఎక్కువో ఉంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100. అది కూడా అమ్ముకోవడానికి కాదు. మీరున్న చోట ఏముందో ముందు కనుక్కోండి. కుదరని చోట, ఇందాక చెప్పిన సీసాల సాధన, గొట్టాల పని, చదువు, ఇవి ఎక్కడైనా చేయొచ్చు. కుదిరే చోట మాత్రం నా సలహా ఒకటే. కొత్త రెసిపీ జోలికి పోకుండా ఒకే పేల్ ఏల్‌ని మళ్ళీ మళ్ళీ చేయండి. అదే మాల్టు, అదే హాప్స్, అదే వేడి. ప్రతిసారీ రెండు సీసాలు దాచి, తర్వాతి బ్యాచ్‌తో ఆ మూడు గ్లాసుల పరీక్ష పెట్టండి. స్నేహితులు తేడా పట్టలేకపోయిన రోజున ఉద్యోగానికి అర్జీ పెట్టండి. విసుగొస్తుందంటారా? వస్తుంది. ఆ విసుగు తట్టుకోలేకపోతే ఇప్పుడే తెలిసిపోవడం మంచిది.

ప్రశ్నలకి వెళ్ళేముందు, చాలామంది మొహమాటపడి వదిలేసేది చెప్పాలి. ఈ రంగంలో సరుకు ఎప్పుడూ చేతికందే దూరంలోనే ఉంటుంది. షిఫ్టు అయిపోగానే ఒకటి, కొత్త బ్యాచ్ అని ఒకటి, అతిథి వచ్చాడని ఒకటి. ఇది పని కాబట్టి కాలేయం లెక్కలోకి తీసుకోదనుకోకండి. మంచి బృందాల్లో రుచి చూడటానికి కొలత ఉంటుంది, షిఫ్టులో తాగకూడదనే నియమం ఉంటుంది. మీ ఇంట్లో గానీ, మీలో గానీ తాగుడు సమస్య ఉంటే, ఎంత ఇష్టమున్నా ఈ పని వద్దు. మాల్టు కంపెనీలోనో, లేబుళ్ళు గీసే చోటో పని చూసుకోండి.

సరే, అడగండి.

(ప్రశ్న: ఆడవాళ్ళకి ఈ పని కుదురుతుందా?)

ఎందుకు కుదరదమ్మా? ఫ్యాక్టరీలు రాకముందు చాలా దేశాల్లో ఇళ్ళలో బీరు కాచింది ఎక్కువగా ఆడవాళ్ళే. 2007లో టెరీ ఫారెన్‌డార్ఫ్ అనే బ్రూవర్ గులాబీ రంగు రబ్బరు బూట్లేసుకుని అమెరికా అంతా కారులో తిరుగుతూ బ్రూవరీల్లో పనిచేసింది. దారిలో కలిసిన ఆడ బ్రూవర్ల జాబితా రాస్తూ పోతే అది పింక్ బూట్స్ సొసైటీ అయింది. వాళ్ళు చదువుకి స్కాలర్‌షిప్పులు కూడా ఇస్తారు. బరువుల సంగతంటారా, 60 కిలోల కెగ్గుని ఒంటరిగా ఎత్తమనే చోట మగవాడు కూడా చేరకూడదు. బండి ఉండాలి, లేదా ఇద్దరుండాలి.

(ప్రశ్న: బీరు గురించి రాసి బతకొచ్చా?)

బతికినవాళ్ళున్నారు. మైకేల్ జాక్సన్ అని, పాటల ఆయన కాదండీ, (నవ్వులు) ఇంగ్లండు పాత్రికేయుడు, 2007లో పోయారు. బీర్లని రకాలవారీగా విడదీసి మాట్లాడే పద్ధతి జనంలోకి వచ్చింది చాలావరకు ఆయన రాతల వల్లే. కానీ ఆయన బీరు మీదికి రాకముందే పత్రికల్లో పనిచేసి రాయడం నేర్చినవాడు. మీకు ఇప్పటికే రాత మీద ఆదాయం ఉంటే బీరుని అందులోకి తెచ్చుకోండి. బీరు నుంచి రాతలోకి రావాలంటే మాత్రం వేరే జీతం ఒకటి ఉంచుకోండి. పైగా బ్రూవరీ వాళ్ళు పంపిన ఉచిత సీసా తాగి రాసిన పొగడ్తని పాఠకుడు తొందరగానే పసిగడతాడు.

(ప్రశ్న: ఇప్పుడున్న ఉద్యోగం మానేసి రావొచ్చా?)

మానకండి. వారాంతాల్లో కెగ్గులు కడిగే పని, పండగ రద్దీలో బార్ వెనక నిలబడే పని దొరుకుతుంది. అది ఆరు నెలలు చెయ్యండి. చేరేటప్పుడు జీతం ఇప్పుడున్నదానికంటే తగ్గుతుందనే లెక్కతోనే దిగండి. ఇంట్లోవాళ్ళకి ఆ లెక్క కాగితం మీద చూపించండి, నోటిమాటగా చెప్పొద్దు.

(ప్రశ్న: వచ్చే వారం ఒక బ్రూవరీలో ఒకరోజు పని చేసి చూపించమన్నారు. ఏం తీసుకెళ్ళాలి?)

ఓహో, శుభం! నీళ్ళు దూరని బూట్లు, జారకుండా ఉండే అడుగు చూసుకో. మార్చుకోవడానికి ఒక జత బట్టలు. సెంటు కొట్టుకోకు, పక్కవాడి ముక్కుకి అడ్డం. కడుపునిండా తిని వెళ్ళు. చిన్న నోటుపుస్తకం జేబులో పెట్టుకో, చెప్పిన అంకెలన్నీ రాసుకో, అడిగిందే రెండోసారి అడక్కుండా ఉంటావు. నీ రెసిపీల గురించి వాళ్ళడిగితే తప్ప ఎత్తకు. లోపలికెళ్ళగానే రెండు ప్రశ్నలు నువ్వే అడుగు: కళ్ళు కడుక్కునే కుళాయి ఎక్కడుంది, కార్బన్ డయాక్సైడ్ అలారం ఎక్కడుంది అని. ఆ రెండూ చూపించలేకపోతే, బీరు ఎంత బావున్నా సరే, ఆ సాయంత్రం థాంక్స్ చెప్పేసి ఇంకో చోటు వెతుక్కో.